పిల్లోని బొమ్మ బండిని తన్నే ముందు మన ట్రాక్టర్ హుక్కు చూసుకుందాం



పోయిన ఆదివారం మా ఊరి రచ్చకట్ట దగ్గర జరిగిన సంగతి మీలో కొందరికి తెలిసే ఉంటుంది. మా తమ్ముని కొడుకు తన రిమోట్ బండిని తెచ్చి అక్కడున్న గుండ్ల మీద ఎక్కిస్తా ఉన్నాడు. పిల్లోళ్ళు చుట్టూ మూగినారు. ఒక పెద్దమనిషి వచ్చి, "చేన్లో కలుపు తీయడానికి చేతులు రావు గానీ బొమ్మ కార్లకు వేలకు వేలు పోస్తారు" అని బండిని కాలితో తన్నినాడు. ముందు చక్రం ఊడి కాలవలో పడింది. కట్ట మీద కూర్చున్నోళ్ళు నవ్వినారు. పిల్లోడు మారు మాట్లాడలేదు. చక్రం ఏరుకొని, కడుక్కొని ఇంటికి వచ్చినాడు.

ఆ పొద్దు నేను అక్కడ లేను. ఏడాది కిందట అయితే నేను కూడా నవ్వేవాణ్ణే. ఇప్పుడు నవ్వలేను. ఎందుకు నవ్వలేనో చెప్పడానికే ఇంత పొడుగు రాస్తాండా. ఓపిక పట్టి చివరిదాకా చదవండి. మధ్యలో కోపం వచ్చినా చదవండి.

ముందు ఆ బండి ఏందో చెప్తాను. దాన్ని రాక్ క్రాలర్ అంటారు. అంటే రాళ్ళ మీద పాకే బండి. రేసు కారు వేరు, ఇది వేరు. రేసు కారు రయ్యిమని పోతుంది. ఇది నిదానంగా పోతుంది. నాలుగు చక్రాలకూ మోటరు బలం అందుతుంది. అమెరికాలో, కాలిఫోర్నియాలో రూబికాన్ అని ఒక రాళ్ళ దారి ఉంది. అక్కడ పెద్ద పెద్ద జీపులను గుండ్ల మీద ఎక్కించడం వాళ్ళకు ఒక సరదా. అట్లాంటి జీపులకు చిన్న నకలు ఈ బండ్లు. అసలు బండిలో పదో వంతు సైజువి ఎక్కువగా వస్తాయి. మా వాడిది ఇంకా చిన్నది, పదహారో వంతు. నాలుగు వేలకు కొన్నాడు. ఆ దుడ్లు నేనిచ్చింది కాదు, వాళ్ళ నాయన ఇచ్చింది కాదు. వేసవి సెలవుల్లో డ్రిప్పు పైపులు పరిచే కూలికి పోయి సంపాదించుకున్నాడు.

కొన్న దినం నేనూ తిట్టినా. "ఐటిఐ ఫిట్టర్ చదివేవానికి ఈ ఆటలేందిరా, దీనికంటే రెండు సంచుల ఎరువు వచ్చేది కదా" అన్నా. తల వంచుకొని విన్నాడు. మరుసటి దినమే బండిని ముక్కలు ముక్కలుగా విప్పి గోనెసంచి మీద పరిచినాడు. కొత్త బండిని విప్పేసినాడే అని నాకు ఇంకా కోపం. వాడేమన్నాడో తెలుసా? "పెద్దనాయనా, ఇది కొన్నట్టు వాడే బండి కాదు. దీన్ని మనం చేసుకోవాల."

అప్పటినుంచి వాడు చేసింది నేను చూస్తా వచ్చినా. చెప్తా వినండి.

మొదట వాడు మోటరు ముట్టుకోలేదు. చక్రాలు చూసినాడు. కంపెనీ టైర్లు గట్టిగా ఉంటే తీసేసి మెత్తటి రబ్బరువి వేసినాడు. లోపల గాలి ఉండదు, మెత్తటి స్పాంజి ఉంటుంది. టైరుకు చిన్న బెజ్జం పెడతారు. రాయి మీద పడినప్పుడు లోపలి గాలి బయటికి పోయి, టైరు ఆ రాయి రూపానికి అతుక్కుంటుంది. మెత్తని దుక్కిలో మనం ట్రాక్టర్ టైరు గాలి కొంచెం తగ్గిస్తే పట్టు వస్తుంది కదా, అదే లెక్క.

రెండోది బరువు. హిందూపురంలో కార్ల చక్రాలకు బ్యాలెన్సింగ్ చేసే షాపుకు పోయి, అక్కడ పీకి పారేసిన సీసం బిళ్ళలు అడిగి తెచ్చుకున్నాడు. వాటిని ముందు చక్రాల లోపల చుట్టూ అంటించినాడు. వెనక చక్రాలకు వేయలేదు. ఎందుకురా అంటే, ఎక్కుడు ఎక్కేటప్పుడు బరువంతా వెనక్కి పోతుంది, ముందు తేలిపోతుంది, అందుకని ముందర పెట్టాల అన్నాడు. (సీసం పట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోవాల. అది విషం. పిల్లలకు చెప్పండి.)

ఇది వినంగానే నాకు మా నాయన గుర్తుకొచ్చినాడు. ఎద్దుల బండి తోలిన పాతవాళ్ళకు తెలుసు. ఎక్కుడు వస్తే బండి తోలేవాడు ముందుకు జరిగి నొగల మీద కూర్చుంటాడు. దిగుడు వస్తే వెనక్కి జరుగుతాడు. మూటలు వేసేటప్పుడే ముందు బరువు ఎంత, వెనక బరువు ఎంత అని కాడి ఎత్తి చూసేవాళ్ళు. వెనక బరువు ఎక్కువైతే నొగలు లేచి ఎద్దుల మెడకు పలుపు బిగుసుకుంటుంది. ఈ విద్య మనదే. మనం మరిచిపోయినాం. పిల్లోడు నాలుగు వేల బండి పెట్టుకొని మళ్ళా నేర్చుకున్నాడు.

మూడోది గేర్లు. లోపల ప్లాస్టిక్ పళ్ళు అరిగినాక స్టీలువి వేసి, గ్రీజు పెట్టినాడు. నాలుగోది స్టీరింగు తిప్పే చిన్న మోటరు, సర్వో అంటారు దాన్ని. రెండు రాళ్ళ మధ్య చక్రం ఇరుక్కుంటే తిప్పలేక పళ్ళు రాలినాయి. ఇనుప పళ్ళది వేసినాడు. అయిదోది స్ప్రింగులు. ధర్మవరం పోయి, మగ్గాల సామాన్లు అమ్మేచోట జకార్డు పెట్టెలో వాడే సన్నని స్ప్రింగులు తెచ్చి, సైజుకు కత్తిరించి వేసినాడు. పట్టుచీరకు అంచు నేసే మగ్గం స్ప్రింగు రాళ్ళెక్కే బండికి పనికొచ్చింది. ఇది ఏ పుస్తకంలో ఉంది? వాని బుర్రలో ఉంది.

మోటరు చివర మార్చినాడు. అది కూడా వేగం కోసం కాదు, నిదానం కోసం. మన బోరు మోటరు కాలితే వైండింగు చేయిస్తాం కదా, చుట్లు లెక్కపెట్టి చుడతారు. దీంట్లోనూ అంతే. ఒకే సైజు మోటరులో చుట్లు తక్కువైతే వేగం, చుట్లు ఎక్కువైతే నిదానం. పదో వంతు బండ్లకు 35 చుట్లు, 55 చుట్లు అని మోటర్లు అమ్ముతారు. రాళ్ళు ఎక్కేవాళ్ళు చుట్లు ఎక్కువున్నవే ఏరుకుంటారు.

నిదానం అంటే చేతగానితనం అనుకోవద్దు. 2023 ఆగస్టు 23న మన చంద్రయాన్-3 చంద్రుని మీద దిగింది. దాంట్లోంచి వచ్చిన ప్రజ్ఞాన్ రోవర్ బరువు 26 కిలోలు, చక్రాలు ఆరు. అది సెకనుకు ఒక సెంటీమీటరు పోయేది. చీమ దాన్ని దాటిపోతుంది. అయినా ఆ గుంతల్లో, ఆ రాళ్ళలో పడిపోకుండా నూరు మీటర్లు నడిచింది. గుంతల నేల మీద గెలిచేది నిదానమే అని మన ఇస్రోవాళ్ళకు తెలుసు. మన ఊరి రచ్చకట్టకు తెలీదు.

ఇప్పుడు పిల్లోళ్ళతో కూడా రెండు మాటలు. మీ వైపే మాట్లాడతాండా అని మీసం తిప్పొద్దు. మీలో ఎక్కువమంది కొనంగానే చేసే పని ఏంది? మూడు సెల్లుల బ్యాటరీ పెట్టడం, పైన క్యారియర్ కట్టి దాని మీద లైట్లు, డబ్బాలు, తాళ్ళు కట్టడం, వీడియో తీయడం. మా వాడూ చేసినాడు. 7.4 వోల్టుల బండికి 11.1 వోల్టులు ఇచ్చినాడు. బోర్డు కాలి కమురు వాసన వచ్చింది. ఆరు వందలు పోయినాయి. అప్పుడు బుద్ధి వచ్చింది.

తర్వాత ఒక పలక తీసుకొని, బండిని దాని మీద అడ్డంగా పెట్టి, ఒక పక్క మెల్లగా ఎత్తుతా పోయినాడు. నెత్తిన లైట్లు, డబ్బాలు ఉన్నప్పుడు పలక జానెడు లేస్తానే బండి పక్కకు పడింది. అవన్నీ పీకేసి, చక్రాల్లో సీసం పెట్టినాక చూస్తే, జానెడు మీద నాలుగు వేళ్ళు లేపినా నిలబడింది. మోటరు అదే, బ్యాటరీ అదే. బరువు నెత్తి మీది నుంచి కిందికి దిగింది, అంతే.

ఇంకొకటి. ఆ లిథియం బ్యాటరీలతో ఆటలొద్దు. ఒక్కో సెల్లు 4.2 వోల్టులు దాటకూడదు, 3 వోల్టుల కిందికి దిగకూడదు. ఉబ్బిన బ్యాటరీ మళ్ళా చార్జింగు పెట్టకూడదు. రాత్రి చార్జింగు పెట్టి నిద్రపోకూడదు. చెనిక్కాయ కట్టె వామి పక్కన, గడ్డివామి పక్కన అసలు పెట్టకూడదు. ఒక్క నిప్పురవ్వతో పశువుల మేత అంతా బూడిదవుతుంది. ఈ మాట వినని పిల్లోని బండి పీక్కోండి, నేను అడ్డం రాను.

ఇప్పుడు మన సంగతికి వస్తాం.

మనం ట్రాక్టర్లకు ఏం చేస్తాండాం? రెండు పెద్ద సౌండు బాక్సులు పైన. రంగు లైట్లు. ముందర బంపరు మీద పేరు. నాలుగెకరాల మెట్టకు యాభై హార్స్ పవర్ బండి, దానికి అయిదేండ్ల కంతులు. ముందర పెట్టాల్సిన ఇనుప బరువులు షెడ్డులో తుప్పు పడతాంటాయి. దిగుడులో డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ వేసి వదులుతాం. వాడి చిన్న బండికి రిమోట్ వదిలితే మోటరే చక్రాలను పట్టి ఆపుతుంది, దిగుడులో దొర్లిపోదు. నాలుగు వేల బొమ్మకున్న జ్ఞానం ఏడు లక్షల బండి నడిపేవానికి లేకపోతే ఎట్లప్పా?

ఇక అసలు విషయం. ఇది రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, అయినా రాస్తా.

మూడేండ్ల కిందట వానకాలంలో, ఊరి వంకలో ఎవరిదో చొప్ప ట్రాలీ దిగబడింది. లాగుదామని మా తమ్ముడు మా ట్రాక్టర్ తీసుకొని పోయినాడు. చైను కట్టింది నేను. కింద హుక్కుకు కట్టాలంటే బురదలో మోకాళ్ళ మీద కూర్చోవాల. పంచె పాడవుతుందని, పైన టాప్ లింకు తగిలించే బ్రాకెట్టుకు కట్టినా. "ఊ, లాగు" అన్నది కూడా నేనే. తమ్ముడు క్లచ్చు వదిలినాడు. వెనక చక్రాలు బురదలో ఇరుక్కొని కదల్లేదు. చక్రం కదలకపోతే ఇంజిను బలం యాడికి పోతుంది? బండినే ఇరుసు చుట్టూ తిప్పుతుంది. ముందు చక్రాలు లేచినాయి. ఒకటి రెండు సెకన్లు కూడా పట్టలేదు. తమ్ముడు పక్కకు దూకినాడు కాబట్టి ప్రాణం దక్కింది. కుడికాలు రెండు చోట్ల విరిగింది. ఈ పొద్దుకూ కుంటుతాడు.

ఊరంతా ఏమన్నారు? "డ్రైవింగు రాదు", "క్లచ్చు ఒక్కసారిగా వదిలినాడు", "బండి మంచిది కాదు", "వంకలో దయ్యముంది". నేను కూడా ఊరితో పాటు ఊ కొట్టినా. మూడేండ్లు మా తమ్ముడు తప్పు తనదే అనుకొని బతికినాడు. నేను ఊరకున్నా.

పోయిన సంక్రాంతి సెలవుల్లో ఈ పిల్లోడు, అంటే ఆ కుంటే మనిషి కొడుకు, పెరట్లో ఒక పని చేసి చూపించినాడు. సగం ఇటుకకు దారం కట్టినాడు. దారం రెండో కొస తన బండి కింద, ఇరుసు కంటే దిగువన కట్టి రిమోట్ నొక్కినాడు. చక్రాలు మట్టిలో గిరగిరా తిరిగినాయి, బండి ఉన్నచోటే ఉంది. తర్వాత అదే దారాన్ని బండి పైన టాపుకు కట్టి నొక్కినాడు. ముందు చక్రాలు లేచి బండి వెనక్కి బోర్ల పడింది. మళ్ళా కింద కట్టినాడు, పడలేదు. మళ్ళా పైన కట్టినాడు, పడింది. మూడు సార్లు చేసినాడు. నన్ను చూడకుండా, "పెద్దనాయనా, నాయన తప్పు లేదు కదా" అన్నాడు.

ఏం చెప్పాల? లేదురా, నాదే అన్నా. ఆ రాత్రి తమ్ముని దగ్గరికి పోయి చెప్పినా. వాడేమీ అనలేదు. "బువ్వ తినిపో అన్నా" అన్నాడు.

అందుకే చెప్తాండా. ఆ బొమ్మ బండి లేకపోతే మా ఇంట్లో ఆ నిజం బయటికి వచ్చేది కాదు. దాన్ని కాలితో తన్నినారు మీరు.

ఇప్పుడు మీరనే మాటలకు జవాబు చెప్తా.

"దుడ్లు దండగ" అంటారు. బండి నాలుగు వేలు, మార్పులకు ఏడాదిలో రెండు వేల ఆరు వందలు. మొత్తం ఆరు వేల ఆరు వందలు. నిజమే, మనలాంటోళ్ళకు అది చిన్న లెక్క కాదు. చెనిక్కాయ పంట పోయిన ఏడు అది విత్తనానికి పనికొచ్చే దుడ్డు. అందుకే అందరూ కొనండి అని నేను చెప్పడం లేదు. అప్పు చేసి కొంటే మాత్రం నేను కూడా తిడతా. కానీ మా ఊర్లో ఒక ట్రాక్టర్ మీది సౌండు బాక్సులకు పద్దెనిమిది వేలు పోసినారు. దాన్ని ఎవరైనా తన్నినారా? పెండ్లి ఊరేగింపులో దాని ముందర ఎగిరినారు.

"చదువు చెడుతుంది" అంటారు. ఆడిందే ఆటగా ఉంటే ఏదైనా చెడుతుంది, ఒప్పుకుంటా. కానీ వాడు చదివేదే ఫిట్టరు. గేరు పళ్ళ లెక్క, ఇరుసు, బేరింగు, బరువు యాడ నిలుస్తుంది, ఇవన్నీ వాని పాఠాలే. పెనుకొండ పక్క ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ 2019 నుంచి కార్లు చేస్తాంది. పిల్లోనికి దాంట్లో ఉద్యోగం కావాలని మనం ఎందరికో దండాలు పెడతాం. అదే పిల్లోడు ఇంట్లో ఒక స్క్రూ విప్పితే వీపు పగలగొడతాం. ఇది ఏం న్యాయం?

"ఇవి బెంగళూరు దొరల ఆటలు" అంటారు. దొరలకు రాళ్ళు యాడున్నాయి? వాళ్ళు సిమెంటుతో కొండలు కట్టుకొని వాటి మీద ఎక్కిస్తారు. మనకు పెనుకొండ కొండ కింద దేవుడిచ్చిన గుండ్లున్నాయి. 1565 యుద్ధం తర్వాత విజయనగరం రాజులు వచ్చి రాజధాని పెట్టుకున్న కొండ అది. ఆ రాళ్ళు ఎక్కడం అంత సులువు కాదు కాబట్టే వచ్చినారు. అట్లాంటి నేల మీద పుట్టినోళ్ళం, ఎక్కుడు దిగుడు లెక్క మనకు కాకపోతే ఎవరికి తెలియాల?

"బొమ్మలతో బతుకు నడుస్తుందా" అంటారు. 1898లో న్యూయార్కులో నికోలా టెస్లా ఒక చిన్న పడవను నీళ్ళ తొట్టిలో పెట్టి, తీగ లేకుండా దూరం నుంచి నడిపి చూపించినాడు. అదీ చూడడానికి బొమ్మే. ఈ పొద్దు మనం మంచం మీద పడుకొని ఫోను నొక్కితే బోరు మోటరు తిరుగుతాంది. అర్ధరాత్రి పాముల్లో, బురదలో స్టార్టరు దగ్గరికి పోయే బాధ తప్పింది. దూరం నుంచి మిషనును నడపడాన్ని మొదట్లో చూపించిన వాటిలో ఆ బొమ్మ పడవ ఒకటి.

కాబట్టి నా మాట ఇది. ఇంట్లో పిల్లోడు ఏదైనా విప్పి, మళ్ళా బిగించి, ముందుకంటే మేలుగా నడిపితే, అది ఆట కాదు, పని నేర్చుకోవడం. వాణ్ణి అడ్డుకోవద్దు. అరిగిపోయిన ఇత్తడి కొళాయిలు, పాత బేరింగులు, చిరిగిన ట్యూబులు సామాన్లోనికి అమ్మే ముందు ఒకసారి పిల్లోళ్ళకు చూపించండి. వాళ్ళకు కావలసింది ఏరుకున్నాక మిగిలింది అమ్ముకోండి.

పెద్దోళ్ళం నేర్చుకోవాలన్నా చోటు ఉంది. అనంతపురం దాటినాక గార్లదిన్నె దగ్గర ట్రాక్టర్ నగర్‌లో కేంద్ర ప్రభుత్వం వాళ్ళ వ్యవసాయ యంత్రాల శిక్షణ సంస్థ ఉంది. రైతులకు యంత్రాల మీద శిక్షణ ఇస్తారు. ఇన్నేండ్లు బస్సులో దాని ముందర పోయి వచ్చినా, ఒక్కనాడూ దిగలేదు. ఈసారి తమ్ముడూ నేనూ పోతాం. వచ్చేవాళ్ళుంటే చెప్పండి, కలిసి పోదాం.

ఆ పెద్దమనిషి మీద నాకు పగ లేదు. నాకంటే పదేండ్లు పెద్ద, మామా అని పిలుస్తా. కానీ మామా, నిన్న సాయంత్రం చెరువు కట్ట మీద నీ ట్రాక్టర్ చూసినా. నీ మనవడు నడుపుతాండాడు. చైను టాప్ లింకు బ్రాకెట్టుకే చుట్టి ఉంది. నేను మూడేండ్ల కిందట కట్టినచోటే. ఆ చైను విప్పి ముందు కిందికి మార్చు. తర్వాత కావాలంటే వచ్చి మా వాని బండిని ఇంకోసారి తన్నుకో.

ఈ ఆదివారం పొద్దున ఎనిమిది గంటలకు అదే రచ్చకట్ట దగ్గర పిల్లోడు ఇటుక, దారం పెట్టి చేసి చూపిస్తాడు. ఊడిన చక్రం మళ్ళా బిగించినాడు. ట్రాక్టర్ ఉన్నోళ్ళు తప్పకుండా రండి. నడిపే పిల్లోళ్ళను కూడా పిల్చుకొని రండి.

తప్పుగా రాసింటే పెద్దోళ్ళు మన్నించండి. వచ్చే ముందు ఇంటి దగ్గర మీ హుక్కు ఒకసారి చూసుకోండి.